విడి తాళం

ఒకటి. సోమవారం

ఇవాళ మా ఇంటి తలుపు నన్ను లోపలికి రానివ్వలేదు.

ఇలా అవుతుందని వార్డు ఆఫీసులో ముందే చెప్పారు. చేతి కడియం తీయించుకున్నవాళ్ళకి సముద్రపు కట్ట వెంట ఉన్న ఈ కట్టమేడల్లో ఏ తలుపూ తెరుచుకోదనీ, ఆ ఇబ్బందికి నేనే బాధ్యురాలిననీ నా చేత పైకి చదివించారు కూడా. తెలిసినా సరే, కాపురానికొచ్చిన నాటి నుంచీ నన్ను చూడగానే పక్కకి జరిగే తలుపు ఇవాళ గోడలా నిలబడితే ఒళ్ళు మండిపోయింది. కాలితో ఒక్కటి తన్నాను.

ఆ చప్పుడికి ఎదురింటి అచ్యుతమ్మ గారు తొంగి చూశారు. మోకాళ్ళ నొప్పుల మనిషి. గోడ పట్టుకుని నిలబడి, "కడియం గానీ పాడైందేటే మాణిక్యం?" అన్నారు.

"పాడవలేదండి. తీయించేశాను."

ఆవిడ నా ముంజేయి వైపు చూశారు. ఇన్నేళ్ళూ ఎండ తగలని ఆ చోటు తెల్లగా, నానబెట్టిన బియ్యం రంగులో ఉంది. బట్టలు లేని మనిషిని చూసినట్టు చప్పున మొహం తిప్పుకుని తలుపేసుకున్నారు.

మా ఆయన కొండబాబు పడవ డ్యూటీ దిగి వచ్చేదాకా వరండాలోనే కూర్చున్నాను. వచ్చాడు, చూశాడు, తలుపు తెరుచుకుంది. అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ అడిగాడు.

"నన్నొక మాట అడగొద్దా?"

"అడిగితే వద్దంటావు."

"అంటాను. అందుకే అడగాలి."

పంపుహౌసులో షిఫ్టు షిఫ్టుకీ జరిగింది రాసి పెట్టడం నా ఉద్యోగం. సముద్రం ఎంత లేచింది, ఏ పంపు వేడెక్కింది, ఎవరు ఏం చేశారు. ఇంటి సంగతులు ఇన్నాళ్ళూ కడియమే రాసుకునేది. ఇక అది రాయదు గనక నేనే రాసుకుంటాను. నా వైపు నుంచి ఎవరో ఒకరు రాయాలి.

రెండు. మంగళవారం

అందరూ ఎందుకని అడుగుతున్నారు. వార్డు ఆఫీసులో దురద పుడుతోందని చెప్పాను. పంపుహౌసులో ఏమీ చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

మా రత్నక్క ఇదే మేడలో, మాకు కింది అంతస్తులో ఒక్కతే ఉండేది. కిందటి చలికాలం, ఆదివారం పూట అప్పాలు వేయిస్తోంది. పొయ్యి వెనక తీగ కాలి, వంటిల్లంతా పొగ కమ్మింది. అక్క పొయ్యి ఆర్పబోయింది, చేతికి సెగ తగిలింది. కడియానికి ఆ వేడి అందింది. "మీకు జ్వరం ఉంది. విశ్రాంతి తీసుకోండి. నర్సు వస్తున్నారు" అంది. అని తలుపు బిగించేసింది.

అంటుజ్వరాల ఏళ్ళు అయిపోయి చాలా కాలమైంది గానీ ఆ నియమం పోలేదు. ఒళ్ళు వేడెక్కిన మనిషి ఇంటి తలుపు నర్సుకి తప్ప ఎవరికీ తెరుచుకోదు, లోపలున్న మనిషికి కూడా.

అక్క నాకు ఫోను చేసింది. "తలుపు రావట్లేదే మాణిక్యం" అంది. అంతవరకే. రోగికి విశ్రాంతి కావాలని ఆ ఫోను కూడా కడియమే ఆపేసింది.

నేను పరిగెత్తాను. పంపు బోల్టులు విప్పే రెంచితో బాదాను. తుఫానుకి తట్టుకునేట్టు కట్టిన తలుపులవి, సొట్ట కూడా పడలేదు. ఆ అంతస్తు వాళ్ళంతా ముక్కులకి గుడ్డలు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డారు. పొగకి కాదు. జ్వరానికి. తలుపు కింద నుంచి పొగ కళ్ళెదుటే వస్తుంటే, చేతి కడియం జ్వరమంటోంది గనక జ్వరమే అనుకున్నారు. నర్సు వచ్చి తెరిచేసరికి అక్క తలుపుకి ఆనుకుని కూర్చుని ఉంది. చల్లబడిపోతోంది.

విచారణ చేశారు. కడియం తన పని తాను సరిగ్గానే చేసిందని తేల్చారు.

నిజమే, చేసింది. వేడిని వేడి అనే చెప్పింది. ఆ వేడి చూసేదాని చేతికే తాళం కూడా ఇచ్చిందెవరు? ఫోను కూడా దానికే ఎందుకివ్వాలి? దీనికి మాత్రం ఏ విచారణలోనూ ఎవరూ సమాధానం చెప్పలేదు. జ్వరం చూసేది జ్వరం చూడాలి. తాళం తాళంలా ఉండాలి. గడియారం టైము చెప్పి ఊరుకోవాలి. ఒకదాని మాట ఇంకొకటి వినకూడదు. నాకు కావలసింది ఇంతే. ఇంత చిన్న కోరికకి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నారు.

మూడు. గురువారం

పాత సామాను రేవులో దొరికినవన్నీ తెచ్చుకున్నాను. ఇత్తడి తాళం, గొళ్ళెం. కీ ఇచ్చే గడియారం. ఒక టార్చి లైటు. జ్వరం చూసుకునే గాజు గొట్టం. వాతావరణం చెప్పడానికి అరచేతిలో పట్టే రేడియో. అన్నీ సంచిలో వేసుకుని మెట్లెక్కుతుంటే ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. నాకు నచ్చింది ఆ చప్పుడు. ఏదీ ఇంకోదానితో మాట్లాడుకోవడం లేదు, ఊరికే తగులుకుంటున్నాయి.

తలుపుకున్న కడియం తాళం పీకేసుకోవచ్చని చట్టంలో ఉంది. ఎవరూ వాడుకోరంతే. నేను పీకి, గొళ్ళెం బిగిస్తుంటే కొండబాబు వెనక నిలబడి చూశాడు. చివరికి ఉండబట్టలేక, "కొంచెం కిందకి పెట్టు. హరిణికి అందొద్దా?" అని మరమేకు పట్టుకుని తనే బిగించాడు.

హరిణి మా కూతురు. తొమ్మిదో తరగతి. బడి నుంచి వచ్చి, తాళం చెవి చేతిలో పెడితే బల్లిని పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఇది పారేసుకుంటే?"

"పారేసుకోకు."

"అమ్మా, మా క్లాసులో ఎవరింటికీ ఇలాంటిది లేదు."

"మంచిదేగా. మనింటికి ఎవరూ రాలేరు."

నవ్వలేదు. కొండబాబు కూడా నవ్వలేదు.

నాలుగు. శనివారం

మా అంతస్తులో లిఫ్టు ఆగడం మానేసింది.

అంతస్తులో అందరి చేతికీ కడియం ఉంటే దాన్ని నిండు అంతస్తు అంటారు. నిండు అంతస్తుకి లిఫ్టు ఆగుతుంది, సాయంత్రం నీళ్ళు రెండోసారి వస్తాయి, పిల్లలు బడి పడవలో ముందు ఎక్కుతారు. ఒక్క చెయ్యి బోసిగా ఉన్నా అది వెలితి అంతస్తు. ఈ నియమం నాకు తెలియదని అనను. పేపరులో చదివాను. ఒక్కదాని కోసం ఇంతమందిని నిజంగా శిక్షిస్తారా అనుకున్నాను. శిక్షించారు.

పొద్దున్న తలుపు తీసేసరికి గుమ్మం ముందు చేపలు కడిగిన నీళ్ళు. పొలుసులతో సహా. ఎవరు పోశారో తెలియదు. బకెట్టు నీళ్ళు తెచ్చి కడిగాను, కడిగిన నీళ్ళు బయటికి తోయకుండా చీపురుతో వరండా అంతా, ప్రతి గుమ్మం ముందు నుంచీ సాగదీసి పరిచాను. నీచు వాసన అందరూ పంచుకోవాలి గదా.

అచ్యుతమ్మ గారు మందుల కోసం కిందకి దిగి, ఎక్కుతూ ప్రతి మలుపులోనూ కూర్చున్నారట. పైకొచ్చాక తిన్నగా మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది.

"ఒసే, నీకు అక్క పోయిందని ఏడుపు. ఏడు. కాదన్లేదు. నా మోకాళ్ళేం చేశాయే నిన్ను?"

"లిఫ్టు ఆపింది నేను కాదండి. వార్డు వాళ్ళు."

"వార్డోళ్ళు నాకు ఎదురింట్లో లేరు. నువ్వున్నావు."

"వెళ్ళి వాళ్ళనడగండి, నా చెయ్యి బోసిగా ఉంటే మీ లిఫ్టెందుకు ఆపాలని."

"నీకంత పౌరుషముంటే నువ్వడుగు. నా కాళ్ళతో ఆడకు."

తలుపేసేశాను. ఆవిడ మొహం మీదే వేశాను. ఆవిడ అన్నదాంట్లో తప్పు దొరక్క ఇంకా కోపం వచ్చింది.

ఐదు. బుధవారం

పంపుహౌసు గేటు కడియానికి తప్ప తెరుచుకోదు. ఎవరైనా వస్తే వాళ్ళ వెనకే దూరాలి. ఇవాళ నా వాళ్ళే, నాతో ఏళ్ళ తరబడి డబ్బాలు పంచుకుని తిన్నవాళ్ళు, నన్ను చూసి అడుగు వేగం పెంచి గేటు మూసుకుపోయేట్టు లోపలికి వెళ్ళిపోయారు. వాళ్ళ అంతస్తులూ వెలితి పడతాయేమోనని భయం. అంటుకునే జబ్బులా ఉంది నా బోసి చెయ్యి.

సూపర్‌వైజరు కిటికీలోంచి చూసి, "నువ్వు బయటే ఉండు మాణిక్యం. వలలు శుభ్రం చెయ్యి" అన్నాడు. సముద్రం నీళ్ళు లోపలికి తీసుకునే గొట్టాలకి వలలుంటాయి. వాటికి పట్టిన నాచూ, ప్లాస్టిక్కూ, చచ్చిన పీతలూ గీకే పని. కొత్తగా చేరినవాళ్ళకిస్తారు. పంపు శబ్దం వినే బేరింగు ఎక్కడ అరిగిందో చెప్పగలను నేను. పీతలు గీకాను.

సాయంత్రం హరిణి రేవు దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. నిండు అంతస్తుల పిల్లలు ఎక్కేసరికి పడవ నిండిపోయిందట. రెండో పడవకి వెళితే మొదటి పాఠం అయిపోయిందట. గేటు వేసేసి ఉంటే అదే పడవలో తిరిగొచ్చేసిందట. పొద్దున్నుంచీ అక్కడే ఉందని అప్పుడు తెలిసింది.

"ఇంటికి రావచ్చుగా?"

"వస్తే నువ్వు గెలిచినట్టు ఉంటది."

"ఏంటి గెలిచేది?"

"నీకు ఎవరి మీదో కోపం. వాళ్ళెవరూ దొరకలేదు. మా మీద తీర్చుకుంటన్నావు." ఏడవకుండా అంది. అక్క పోయినప్పుడు కూడా ఇది ఏడవకుండానే నా చెయ్యి పట్టుకుని నిలబడింది. "పెద్దమ్మ ఉంటే నిన్ను తిట్టేది."

చెంప మీద కొట్టాను. ఇంతవరకూ ఎప్పుడూ కొట్టలేదు. ఇద్దరం పక్కపక్కనే నడుచుకుంటూ ఇంటికొచ్చాం.

ఆరు. ఆదివారం

అంతస్తు సమావేశం మా తలుపు ముందే పెట్టుకున్నారు, నాకు వినబడాలని. నన్ను కట్ట అవతలి రేకుల ఇళ్ళకి పంపించాలని వార్డుకి విన్నపం. కడియం గోడకి ఆనిస్తే సంతకం. ఆనించిన వాళ్ళ పేరు వరండాలో గోడ మీద వెలుగుతుంది.

తలుపు తీసుకుని బయటికొచ్చి, చేతులు కట్టుకుని, ఒక్కొక్క పేరూ వెలుగుతుంటే చూస్తూ నిలబడ్డాను. సిగ్గుపడతారేమో అనుకున్నాను. ఎవరూ పడలేదు. "కళ్ళతో భయపెడతన్నావేటే?" అన్నారు అచ్యుతమ్మ గారు. చెయ్యి ఆనించి, సరిగ్గా పడలేదని మళ్ళీ ఆనించారు.

చివర్లో ఒక పేరు వెలిగింది. కొండబాబుది.

నా వెనకే వచ్చి, నా పక్క నుంచే చెయ్యి చాచి పెట్టాడు.

లోపలికి వెళ్ళాక ఇద్దరం అరుచుకున్నాం. అంతస్తు అంతా విని ఉంటుంది.

"నన్ను రేకుల ఇళ్ళకి తోలతావా?"

"నిన్ను కాదు. ఆ పంతాన్ని. పంపిస్తామంటే భయపడి తొడుక్కుంటావని పెట్టాను."

"రత్నక్క ఎలా పోయిందో నువ్వు చూడలేదా?"

"చూశాను. నీతో పాటు తలుపు తోసింది ఎవరు? నా భుజం ఇప్పటికీ లేవదు. పోయినావిడ రాదు మాణిక్యం. ఉన్న పిల్ల బడికి పోలేకపోతోంది."

"ఆ పిల్ల కోసమే. రేపు దాని తలుపు బిగుసుకుంటే?"

"బిగుసుకోవచ్చు. బిగుసుకోకపోనూ వచ్చు. పడవ మటుకు రోజూ పోతోంది."

వెళ్ళిపొమ్మన్నాను. హరిణి పుస్తకాలు సర్దుకుంది. రెండో మేడలో కొండబాబు వాళ్ళ అక్క ఇంటికి ఇద్దరూ వెళ్ళారు. "కొన్నాళ్ళే" అన్నాడు గుమ్మంలో. ఎవరికి ధైర్యం చెప్పుకున్నాడో తెలియదు.

ఏడు. శుక్రవారం

అచ్యుతమ్మ గారు మెట్ల మీద పడ్డారు.

డ్యూటీ నుంచి వస్తుంటే నేనే చూశాను. మలుపు దగ్గర గోడ వారగా పడి ఉన్నారు. చీర కుచ్చిళ్ళు కాలికి చుట్టుకున్నాయి. పక్కన బెండకాయలు దొర్లి ఉన్నాయి. ఆవిడ కడియం "మీరు పడ్డారు, కదలకండి, సహాయం వస్తోంది" అని తియ్యగా, ఆపకుండా చెబుతోంది.

"ముట్టుకోకు నన్ను" అన్నారు.

"ముట్టుకోకుండా ఎత్తడం నాకు రాదు."

"రాపోతే ఎల్లిపో."

కూర్చున్నాను. పై మెట్టు మీద. సహాయం వాళ్ళు వచ్చేదాకా ఆవిడ నన్ను తిడుతూనే ఉన్నారు. మా అమ్మని, మా ఊరిని, నా చేతులని, నా మొహాన్ని. నొప్పి వచ్చినప్పుడల్లా గొంతు పెంచుతున్నారని మెల్లిగా అర్థమైంది. తిట్టనిచ్చాను. తల కింద నా సంచి పెడితే తీసి విసిరేశారు. మళ్ళీ పెట్టాను. ఈసారి ఉంచుకున్నారు.

తుంటి ఎముక విరగలేదు, బీట వారిందట. స్ట్రెచరు మీద పెట్టి దింపుతుంటే అంతస్తు వాళ్ళు పైన వరసగా నిలబడి నన్నే చూశారు. ఒకాయన, "ఇప్పుడు కడుపు నిండిందా?" అన్నాడు.

తిన్నగా వార్డు ఆఫీసుకి వెళ్ళాను. నేను ఓడిపోయానని రాస్తున్నాను. మా అంతస్తు విన్నపం ఇంకా తేలకుండానే పడి ఉన్న అధికారి చక్రధరరావు గారి బల్ల ముందు చెయ్యి చాపి, "తొడిగేయండి" అన్నాను.

ఆయనకి సంతోషమైంది. కడియం పెట్టె తెచ్చారు.

"రేపటి నుంచి లిఫ్టు ఆగుతుంది గదండీ?"

"అదెలాగమ్మా? ఒకసారి వెలితి పడ్డ అంతస్తుని ఏడాది పాటు పరిశీలనలో పెట్టాలి. ఆ తర్వాత చూస్తారు."

"నేను తొడుక్కున్నా ఆగదా?"

"ఆగదు. అయినా తొడుక్కోవడం మంచిదేగా."

"ఎవరికి?"

ఆయన పెట్టె మూత తెరుస్తూ ఆగారు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎవరి మోకాళ్ళ కోసమూ కాదన్నమాట ఆ నియమం. నన్ను చూసి ఇంకొకరు తీయకుండా ఉండడానికి. ఆ పని ఎలాగూ అయిపోయింది, నేను తొడుక్కున్నా మానినా. ఆయన ఇంకా ఏదో చెబుతుండగానే వచ్చేశాను.

ఎనిమిది. సోమవారం

హరిణి బట్టల కోసం వచ్చింది. తాళం చెవితో తీసుకుని తనే లోపలికొచ్చింది. వంటింట్లో ఉన్నానని తెలిసినా పలకరించలేదు.

నేనే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. "ఆ రోజు కొట్టి ఉండకూడదు" అన్నాను.

"అవును" అంది బట్టలు మడత పెడుతూ.

"అన్నం తింటావా?"

"అత్త వండింది." ఇంకో జత సంచిలో పెట్టి, "నాన్నకి భుజం నొప్పెక్కువైంది" అంది. "నువ్వు రాసే నూనె కావాలంట. అడగమన్లేదు. నేనే అడుగుతున్నా."

నూనె సీసా తేవడానికి వెళ్ళి వచ్చేసరికి అలమర మీద గడియారం లేదు. హరిణి సంచిలో బట్టల కింద నుంచి టిక్కుటిక్కుమంటోంది. నా మొహం చూసి అర్థం చేసుకుంది.

"కడియం నిద్ర లేపితే, ఎన్నింటికి పడుకున్నానో బడికి చెప్పేస్తది" అంది గడగడా. "టీచరు అందరి ముందూ చదువుతుంది. నేను ఊరికే లేవాలంతే."

రోజూ కీ ఇవ్వాలని మటుకు చెప్పాను. మరీ గట్టిగా తిప్పితే తెగిపోతుందని కూడా.

తొమ్మిది. బుధవారం

పొద్దున్నే ఎదురింట్లోంచి అరుపులు. అచ్యుతమ్మ గారిని నిన్న ఆసుపత్రి నుంచి తెచ్చి దింపారని విన్నాను. వరండా వైపు ఆవిడ వంటింటికి పొగ పోయే చిన్న కిటికీ ఉంది. అక్కడి నుంచి చేతివేళ్ళు మాత్రం కనబడుతున్నాయి.

"ఎవరన్నా ఉన్నారా? ఒరే, ఎవరన్నా?"

అందరి తలుపులూ మూసే ఉన్నాయి. నేను వెళ్ళాను.

"ఏమైందండీ?"

వేళ్ళు కిటికీ ఊచల మీద ఆగాయి. "నువ్వా?"

"నేనే. వెళ్ళిపోమంటారా?"

"తలుపు తీయట్లేదే." గొంతు తగ్గింది. "పడిపోయే మనిషినంట. తోడు లేకుండా గుమ్మం దాటకూడదంట. తోడు ఎవరో పేరు రాయించమంటంది ఈ కడియం. ఎవర్ని రాయించను? నాకెవరున్నారు? తిండి తలుపు కన్నంలోంచి పంపిత్తారంట. ఎన్నాళ్ళని అడిగితే, మీరు కోలుకునే దాకా అంటంది. డెబ్బై దాటినోళ్ళు ఏటి కోలుకుంటారే?"

నేను తలుపు మీద చెయ్యి వేశాను. అక్క ఇంటిదీ ఇదే రకం తలుపు. రెంచి కోసం పరిగెత్తాలనిపించింది. బాదితే సొట్ట కూడా పడదని గుర్తొచ్చి ఆగాను.

"తోడుగా నా పేరు రాయించండి" అన్నాను.

"బోసి చేతులోళ్ళు పనికిరారంట. అడిగాను." అంటే నా పేరు ముందే అడిగారన్నమాట. ఆ మాట ఇద్దరం దాటేశాం. "ఆ వార్డాయన్ని తీసుకురా. ఇది తీయమను నా చేతికి."

"ఆలోచించుకునే అంటున్నారా?"

"ఆలోచించేదానికి లోపల ఇంకేం పనుంది నాకు? ఎల్లు."

చక్రధరరావు గారు సాయంత్రానికి వచ్చారు. రాక తప్పదు. తీయమని నోటితో అడిగితే వచ్చి తీయాలని చట్టం. ఆయన చేతి కడియానికి తలుపు జరిగింది. అచ్యుతమ్మ గారు చేతికర్ర పట్టుకుని గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు, మళ్ళీ మూసుకోకుండా కుర్చీ కాళ్ళు అడ్డం పెట్టి. అంతస్తు వాళ్ళంతా బయటికొచ్చారు.

"పెద్దవారు, మీరు కూడా ఇలా చేస్తే ఎలాగండీ?" అన్నారాయన. "మందుల టైము ఎవరు చెబుతారు?"

"గోడ మీద బొగ్గుతో రాసుకుంటాను."

"మళ్ళీ పడితే?"

"పడితే అరుత్తాను. తలుపంటూ తీసుంటే ఎవరో ఒకళ్ళకి వినబడుద్ది."

"చూడండి, మీ ఒక్కరి కోసం అంతస్తు మొత్తానికి సౌకర్యాలు..." ఆయన అందరి వైపూ తిరిగారు, మీరైనా చెప్పండన్నట్టు.

"ఏ సౌకర్యాలయ్యా?" అచ్యుతమ్మ గారు కర్రతో నేల మీద కొట్టారు. "లిఫ్టు ఆపేశావు. నీళ్ళు ఆపేశావు. పడవ ఆపేశావు. నేను తీత్తే ఇంకేటి ఆపుతావు?"

ఆయన పెట్టెలోంచి కడియం కోసే కత్తెర తీశారు. ఎవరో, "నిజమే గదా" అన్నారు మెల్లిగా. మొన్న నా కడుపు నిండిందా అని అడిగినాయన తన ముంజేతి వైపు చూసుకుని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

కడియం టక్కుమని తెగింది. అచ్యుతమ్మ గారి ముంజేయి నా చేతి కంటే తెల్లగా ఉంది.

పది. గురువారం

పొద్దున్నే పాత సామాను రేవుకి వెళ్ళి ఇంకో తాళం, గడియ, గొళ్ళెం తెచ్చాను. అచ్యుతమ్మ గారి తలుపుకున్న కడియం తాళం పీకి, ఇవి బిగిస్తున్నంత సేపూ ఆవిడ కుర్చీలో కూర్చుని వంక పెట్టారు. వంకరగా ఉందన్నారు. మేకు పొడుగన్నారు. నా పంపుల్లా కాదు, ఇది మనుషులుండే ఇల్లన్నారు. మెట్లెక్కలేక మందులకి ఇబ్బందవుతుందని, రోజూ వచ్చేటప్పుడు తెచ్చిపెడతానన్నాను.

"తేక చత్తావా? నీ వల్లే గదా లిఫ్టు పోయింది."

"పోయింది వార్డు వాళ్ళ వల్ల."

"మళ్ళీ మొదలెట్టకు."

తాళానికి రెండు చెవులున్నాయి. ఒకటి ఆవిడ చేతిలో పెట్టాను. రెండోది చూపించి, "ఇది నా దగ్గర ఉంచనా? ఎప్పుడైనా అవసరమైతే..." అన్నాను.

లాక్కున్నారు. రెండూ కొంగున ముడేసుకున్నారు. "నీకివ్వను. నువ్వంటే నాకు పడదు."

"నాక్కూడా అంతేనండి" అన్నాను. నిజంగానే అన్నాను.

నా సామాను సంచిలో వేసుకుని బయటికొచ్చాను. వెనక తలుపు మూసుకుంది, లోపల గడియ పడిన చప్పుడైంది. మా గుమ్మం దాకా వెళ్ళానో లేదో గడియ తీసిన చప్పుడైంది. తిరిగి చూశాను. తలుపు కాస్త తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది. గడియ పడింది. మళ్ళీ తీశారు. ఈసారి పూర్తిగా తెరిచి, కర్ర ఆనించుకుని గుమ్మం ఇవతలికి ఒక్క కాలు పెట్టి, అక్కడే నిలబడ్డారు.

నేను చూస్తున్నానని అప్పుడు చూశారు.

"ఏటి చూత్తన్నావు?" అన్నారు. "నీకు పన్లేదా? ఎల్లెల్లు."

అని లోపలికి పోయి, మళ్ళీ గడియ వేసుకున్నారు.